చట్టంతో సంఘర్షణలో ఉన్న బాలలు - సహాయసేవల స్థానం

1. ప్రవేశిక

నేరారోపణను ఎదుర్కొంటున్న బాలలకు అందే న్యాయసహాయం, కౌన్సెలింగ్, సామాజిక నివేదిక వంటివాటిని సంక్షేమ చర్యలుగా పరిగణించడం పరిపాటి. 2016 జనవరి 15న అమలులోకి వచ్చిన బాలల న్యాయ (సంరక్షణ, రక్షణ) చట్టం, 2015ను పరిశీలిస్తే, ఇవి విచారణకు అనుబంధాలు కావని, దాని ఫలితాన్నే ప్రభావితం చేసే అంగాలని స్పష్టమవుతుంది.

2. తొలి దశలోని సేవలు

అదుపులోకి తీసుకున్న బాలుణ్ణి, ప్రయాణ సమయం మినహా, 24 గంటలలోగా బాలల న్యాయమండలి ఎదుట హాజరుపరచాలి. పోలీసు లాకప్‌లోగాని, జైలులోగాని ఉంచరాదు (సెక్షన్ 10). ప్రొబేషన్ అధికారి రెండు వారాలలో సామాజిక దర్యాప్తు నివేదికను సమర్పించాలి (సెక్షన్ 13). న్యాయసేవల సంస్థల ద్వారా న్యాయసహాయం అందేలా చూడటం, విచారణ భాష అర్థం కాని బాలలకు అవసరమైతే దుబాసీని ఏర్పాటు చేయడం మండలి బాధ్యతలు (సెక్షన్ 8). కోయ, గోండి మాతృభాషలుగా గల బాలల విషయంలో ఈ చివరి నిబంధనకు ఉన్న ప్రాధాన్యం తెలుగు రాష్ట్రాలలో గుర్తించదగినది.

3. ప్రాథమిక మదింపు

కనీసం ఏడేళ్ల శిక్షార్హమైన ఘోర నేరం ఆరోపణకు గురైన, 16 ఏళ్లు నిండి 18 నిండని బాలల విషయంలో మండలి ప్రాథమిక మదింపు జరపాలి (సెక్షన్ 15). నేరం చేయగల శారీరక, మానసిక సామర్థ్యం, పర్యవసానాలను గ్రహించే శక్తి, నేరం జరిగినట్లు చెబుతున్న పరిస్థితులు ఇందులోని అంశాలు. దీని ఆధారంగా, వయోజనుడిగా విచారించేందుకు కేసును బాలల న్యాయస్థానానికి బదిలీ చేయవచ్చు. మండలిలో బాలల మనస్తత్వశాస్త్రంలో లేదా మనోవైద్యంలో పట్టా పొంది వృత్తిలో ఉన్న సభ్యులు లేనప్పుడు నిపుణుల సహాయం తప్పనిసరి అని 2022లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

అయితే మానసిక పరీక్ష సామర్థ్యాన్ని సూచించగలదేగాని, బాలుడి కుటుంబ స్థితిని, చదువు మానిన కారణాన్ని, పెద్దల ఒత్తిడిని వెల్లడించలేదు. ఆ పని సామాజిక దర్యాప్తు నివేదికది. అది గళ్లు నింపిన పత్రంగా మిగిలితే, 'పరిస్థితులు' అన్న అంశం మదింపులో నామమాత్రమవుతుంది.

4. సేవల మధ్య వైరుధ్యం

బాలుడు నిర్దోషి అన్న భావనతో చట్టం ప్రారంభమవుతుంది. మదింపు మాత్రం నేరపరిస్థితులను ప్రశ్నిస్తుంది. సహాయం చేసేవారన్న నమ్మకంతో బాలుడు నిపుణుడికి చెప్పిన మాట అతనికే ప్రతికూలంగా పరిణమించే ప్రమాదం ఇక్కడ ఉంది. నివేదికలు గోప్యమని సెక్షన్ 99 చెబుతున్నా, మండలి నిర్ణయంపై వాటి ప్రభావాన్ని గోప్యత నివారించదు. కనుక న్యాయవాది సలహా మదింపుకు ముందే అందడం అవసరం.

5. ముగింపు

న్యాయవాది, ప్రొబేషన్ అధికారి, మనస్తత్వ నిపుణుడు - ఈ ముగ్గురి సేవలూ సకాలంలో, సక్రమమైన వరుసలో అందినప్పుడే మదింపు న్యాయబద్ధమవుతుంది. ఏ ఒక్కటి లోపించినా, ఆ లోపానికి మూల్యం చెల్లించేది బాలుడే. అందువల్ల సహాయసేవల నాణ్యతను సంక్షేమ ప్రమాణాలతో కాక, న్యాయవిచారణ ప్రమాణాలతో పరీక్షించడం సముచితం.