వెల్లకు ఏ కుంచె?

సంక్రాంతి దగ్గరపడుతున్నదంటే పెద్దాపురంలో ఇళ్ళకు సున్నాలు వేయించే సందడి మొదలవుతుంది. ఇప్పుడు చాలామంది డబ్బాల్లో వచ్చే రంగులు కొంటున్నా, పాత పెంకుటిళ్ళకూ, ప్రహరీగోడలకూ సున్నమే వేయించేవాళ్ళు ఇంకా ఉన్నారు. మీ ఇంట్లో కూడా వెల్ల వేయాలనుకున్నారనుకోండి. కొట్లో రకరకాల కుంచెలు కనబడతాయి. వాటిలో ఏది కొనాలి?

మెత్తగా, ఖరీదుగా ఉన్నదే మంచిదని మీకు తోచవచ్చు. కాని పందివెంట్రుకలతో చేసిన ఖరీదైన బ్రష్షును సున్నంలో ముంచితే త్వరలోనే పాడైపోతుంది. చవకగా దొరికే నారకుంచె మాత్రం నిక్షేపంలా పనిచేస్తుంది. ఎందుచేత?

దీనికి జవాబు పెద్దాపురం మగ్గాల దగ్గరే ఉన్నది. ఈ ఊరి పట్టుబట్టలకు ఎంతో పేరు. పట్టూ, ఉన్నీ, పందివెంట్రుకా, మన జుట్టూ – ఇవన్నీ ప్రాణుల నుంచి వచ్చినవి. పప్పులోనూ గుడ్డులోనూ ఉండే మాంసకృత్తులే వీటిలోనూ ఉన్నాయి. పత్తి, తాటినార, కొబ్బరిపీచు చెట్ల నుంచి వచ్చినవి. వీటిలో ముఖ్యమైనది సెల్యులోజు అనే మరొక పదార్థం. సున్నం ఘాటైన క్షారం. అది మాంసకృత్తులను తినివేస్తుంది గాని, సెల్యులోజును అంత త్వరగా ఏమీ చెయ్యలేదు. పట్టుచీరెను చాకలిసోడాతో ఉతకరాదని పెద్దవాళ్ళు చెప్పటం ఇందుకే.

మన పూర్వులు అనుభవం మీదనే సరి అయిన కుంచెను ఎన్నుకున్నారు. మొగలిపొద నుంచి నేలకు దిగే ఊడను ముక్కలుగా కోసి, నానబెట్టి, ఒక కొసను చితక్కొడితే నారలు విడివడి కుంచె అవుతుంది. తాటినారకైతే విదేశాల్లో కూడా గిరాకీ ఉండేది. బ్రష్షులు చెయ్యటానికి దాన్ని కాకినాడ రేవు నుంచి ఓడల మీద పంపేవారు.

చమురు రంగుకు మాత్రం వెంట్రుకల బ్రష్షే మంచిది. పందివెంట్రుక కొస చీలి ఉంటుంది. ఆ చీలికల్లో రంగు నిలిచి, చారలు పడకుండా పరుచుకుంటుంది. నీళ్ళతో కలిపే ఎమల్షన్ రంగులకు అది పనికిరాదు. నీరు పీల్చి మెత్తబడిపోతుంది. వాటికి నైలాను బ్రష్షు వాడాలి.

కుంచె దేనితో చేశారో తెలుసుకోవటం ఎట్లా? ఒక పోచ పీకి, పెద్దవాళ్ళ చేత అగ్గిపుల్లతో కాల్పించండి. వెంట్రుక అయితే జుట్టు కాలిన కంపు కొడుతుంది. నార అయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద మిగులుతుంది. నైలాను అయితే కరిగి గట్టి పూసలాగా అవుతుంది. అసలు పట్టును పోల్చటానికి కూడా ఇదే పద్ధతి.

ఇక పైకప్పు సంగతి. దానికి రంగు వెయ్యాలంటే పొడుగు కర్రకు తగిలించిన రోలరు మేలు. ఈ రోలరును 1940లో కెనడాలోని టొరంటో నగరంలో నార్మన్ బ్రేకీ అనే ఆయన కనిపెట్టాడు. నున్నటి గోడకు పొట్టి నూగు ఉన్న రోలరు, గరుకు గోడకు పొడుగు నూగు ఉన్నదీ ఎంచుకోవాలి. పల్చటి సున్నం దీని నుంచి కారిపోతుంది. దానికి నారకుంచే గతి.

సున్నం మాంసకృత్తులను తినివేస్తుందని చెప్పుకున్నాం గదా! మన చర్మంలోనూ, కంటిలోనూ ఉన్నవి ఆ మాంసకృత్తులే. పైకప్పు నుంచి సున్నపు చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. వెల్ల వేసేటప్పుడు పిల్లలు కింద నిలబడి పైకి చూడరాదు. వేసేవారు కంటికి అద్దాలు పెట్టుకోవాలి. పొరపాటున చుక్క పడితే కన్ను నలపక, వెంటనే మంచినీళ్ళ ధారతో 20 నిమిషాలకు తక్కువ కాకుండా కడిగి, డాక్టరు దగ్గరకు పరుగెత్తాలి.

అందుచేత ఈసారి మీ నాన్నగారు కొట్లో కొనవలసిన సామాను రాసుకునేటప్పుడు, కుంచెకన్న ముందు కళ్ళద్దాలు రాయించండి.