అయిదు కెమెరాలు, ఒక సాక్షి

2005వ సంవత్సరంలో ఫలస్తీనాలోని బిల్ఈన్ అనే చిన్న గ్రామంలో ఇమాద్ బుర్నాత్ అనే రైతుకు నాల్గవ కుమారుడు జన్మించాడు. బిడ్డకు జిబ్రీల్ అని పేరు పెట్టుకున్నారు. పసివాని ముద్దుముచ్చట్లను దాచుకోవాలని ఆ తండ్రి ఒక కెమెరా సంపాదించాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే గ్రామస్థుల జైతూన్ తోటల్లోకి ఇస్రాయీల్ బుల్డోజర్లు ప్రవేశించాయి. బిడ్డ కోసం తెచ్చిన కెమెరా ఊరి కోసం పనిచేయవలసి వచ్చింది. ఆ తరువాతి అయిదారేళ్ళలో ఇమాద్ చేతిలో ఒకదాని తరువాత ఒకటిగా అయిదు కెమెరాలు ధ్వంసమయ్యాయి. అతను చిత్రీకరించడం మాత్రం మానలేదు.

ఏ సంస్థలోనూ ఉద్యోగి కాకుండా, సొంత పనిముట్లతో, సొంత పూచీ మీద వాస్తవ దృశ్యాలను చిత్రీకరించే వ్యక్తిని ఫ్రీలాన్స్ వీడియోగ్రాఫర్ అంటారు. ఈ వృత్తి ఎంత బరువైనదో, ధర్మదృష్టిలో దాని స్థానమేమిటో తెలుసుకోవడానికి ఇమాద్ జీవితం మనకు చక్కని ఆధారం.

గోడ నీడలో ఒక గ్రామం

బిల్ఈన్ గ్రామం రమల్లా నగరానికి పశ్చిమాన ఉంది. అప్పటికి దాని జనాభా రెండు వేల లోపే. సమీపంలోనే మోదిఈన్ ఇల్లిత్ అనే యూదు నివాస కేంద్రం విస్తరిస్తోంది. భద్రత పేరుతో ఇస్రాయీల్ తలపెట్టిన వేర్పాటు గోడ (ఈ గ్రామం వద్ద అది తొలుత కంచె రూపంలో ఉండేది) గ్రామస్థుల సాగుభూమిలో సగానికి పైగా భాగాన్ని వారికి ఆవలి వైపున పడవేసింది. ఆక్రమిత భూభాగంలో ఇటువంటి గోడ నిర్మించడం అంతర్జాతీయ చట్టానికి విరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం 2004 జూలై 9న వెలువరించిన అభిప్రాయంలో తేల్చి చెప్పింది. అయినా నిర్మాణం ఆగలేదు.

2005 ఆరంభం నుండి బిల్ఈన్ ప్రజలు ప్రతి శుక్రవారం జుమా నమాజు ముగించుకుని కంచె దాకా నడిచి నిరసన తెలుపసాగారు. బాష్పవాయు గోళాలు, రబ్బరు పూత తూటాలు వారిని ఎదుర్కొనేవి. ప్రతి శుక్రవారమూ ఇమాద్ వారితో ఉండేవాడు. రాత్రివేళ సైనికులు ఇళ్ళలో చొరబడి యువకులను, కొన్నిసార్లు బాలురను సైతం పట్టుకుపోయేటప్పుడు కూడా నిద్ర మాని కెమెరా అందుకునేవాడు.

జీతం లేని కొలువు

ఇటువంటి వృత్తిలో నెల జీతం ఉండదు. ఏదైనా వార్తాసంస్థ దృశ్యాలను తీసుకుంటే ఆ మేరకు ప్రతిఫలం లభిస్తుంది, తీసుకోకపోతే ఆ దినం శ్రమ అంతటితో సరి. కెమెరా పగిలితే కొత్తది ఇచ్చే యజమాని లేడు, గాయపడితే వైద్యానికి పూచీపడే సంస్థ లేదు. రైతుకు ఎద్దు ఎటువంటిదో, దర్జీకి మిషను ఎటువంటిదో, ఈ మనిషికి కెమెరా అటువంటిది.

ఇమాద్ కెమెరాల్లో ఒకటి బాష్పవాయు గోళం తగిలి పగిలింది. మరొకటి తనవైపు వచ్చిన తూటాను తనలోనే నిలుపుకుని యజమాని ప్రాణం కాపాడింది. రాళ్ళు రువ్వాడన్న ఆరోపణపై అతన్ని నిర్బంధించారు, కొంతకాలం సొంత ఇంటికి దూరంగా గృహనిర్బంధంలో ఉంచారు. 2008 చివరిలో ట్రక్కు ప్రమాదంలో తీవ్రంగా గాయపడి టెల్ అవీవ్ ఆసుపత్రిలో మృత్యువుతో పోరాడాడు. కోలుకున్న తరువాత మళ్ళీ కెమెరా పట్టాడు.

బయటి ప్రపంచం చూడని శ్రమ మరొకటి ఉంది. చిత్రీకరించినది వందల గంటల దృశ్యం, చివరకు చిత్రంగా నిలిచినది సుమారు గంటన్నర. ప్రతి టేపునూ తిరిగి చూడాలి, తేదీలు సరిచూడాలి, తన మిత్రుల మరణాన్ని మళ్ళీ మళ్ళీ కళ్ళారా చూడాలి. ఇస్రాయీల్ దర్శకుడు గై డేవిడీతో కలిసి ఇమాద్ రూపొందించిన ‘5 బ్రోకెన్ కెమెరాస్’ చిత్రం 2011లో వెలువడింది. 2012లో సన్‌డాన్స్ చలనచిత్రోత్సవంలో దర్శకత్వ పురస్కారం పొందింది. 2013లో ఆస్కార్ నామినేషన్ల జాబితాకెక్కింది. ఆ వేడుకకు ఆహ్వానం అందుకుని భార్యాబిడ్డలతో లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో దిగిన ఇమాద్‌ను అధికారులు ఆపి ప్రశ్నించారు. చలనచిత్రకారుడు మైఖేల్ మూర్ జోక్యం చేసుకున్న తరువాతే అతనికి దారి దొరికింది.

ఇల్లాలి వాటా

ఆ చిత్రంలో మమ్మల్ని ఎక్కువగా కదిలించినది తూటాల చప్పుడు కాదు. ఇమాద్ భార్య సురయ్యా ఒక సందర్భంలో భర్తను ఇక చాలించమని వేడుకుంటుంది. తలుపు తట్టిన ప్రతిసారీ గుండె జారిపోయే ఇల్లాలి మాట అది. అందులో పిరికితనం లేదు, అలసట ఉంది. పసివాడు జిబ్రీల్ తొలి పలుకుల్లోనే ‘గోడ’, ‘సైన్యం’ వంటి మాటలు చేరాయి.

బయట పేరు పొందే ప్రతి శ్రమకూ ఇంట్లో ఎవరో ఒకరు మూల్యం చెల్లిస్తూనే ఉంటారు. పిల్లల్ని పెంచుతూ, సంపాదన లేని నెలను నెట్టుకొస్తూ, భయాన్ని దిగమింగుకునే స్త్రీకి ఆ సాక్ష్యపు పుణ్యంలో వాటా తప్పక ఉంటుందని మేము ఆశిస్తున్నాము. భార్య అలసటను గుర్తించడం కూడా భర్త బాధ్యతల్లో ఒకటి.

దృశ్యం సాధించినదేమిటి?

2007 సెప్టెంబరు 4న ఇస్రాయీల్ సుప్రీంకోర్టు బిల్ఈన్ వద్ద కంచె మార్గాన్ని మార్చమని ఆదేశించింది. ఆ ఆదేశం అమలుకు దాదాపు నాలుగేళ్ళు పట్టింది. 2011లో కంచె వెనక్కి జరిగినప్పుడు గ్రామస్థులకు దక్కినది కోల్పోయిన భూమిలో ఒక భాగం మాత్రమే.

2009 ఏప్రిల్ 17న బాసిమ్ అబూ రహ్మా అనే నిరాయుధుడైన యువకుడు ఛాతీకి బాష్పవాయు గోళం తగిలి మరణించాడు. పిల్లలందరికీ ప్రియమైనవాడు, జిబ్రీల్‌కు మరీ ప్రియమైనవాడు. ఆ క్షణం కెమెరాలకు చిక్కింది. అయినప్పటికీ 2013లో ఇస్రాయీల్ సైనిక న్యాయవిభాగం సాక్ష్యాధారాలు చాలవంటూ ఆ కేసును మూసివేసింది.

అయితే ఇంత శ్రమ వ్యర్థమేనా అని పాఠకులు అడగవచ్చు. సాక్షి పని సాక్ష్యం చెప్పడం. తీర్పు అతని చేతిలో లేదు. భూలోక న్యాయస్థానం మూసివేసిన ప్రతి కేసూ ప్రళయదినాన తిరిగి తెరుచుకుంటుందని మన విశ్వాసం. బాసిమ్ ఎలా మరణించాడో, ఎక్కడ నిలబడి ఉండగా మరణించాడో నేడు ప్రపంచానికి తెలుసు. దానిని ఇక ఎవరూ జరగలేదని అనలేరు.

ధర్మం ఏమంటున్నది?

దృశ్యచిత్రణ విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయం ఉంది. ప్రాణుల చిత్రాలను నిషేధించిన హదీసుల పరిధిలోకి కెమెరా చిత్రం కూడా వస్తుందని కొందరంటారు. తెరపై కదిలే దృశ్యం అద్దంలోని ప్రతిబింబం వంటిదని మరికొందరంటారు. కఠిన అభిప్రాయం కలవారు సైతం పాస్‌పోర్టు, గుర్తింపు పత్రం వంటి అవసరాలకు వెసులుబాటు ఇచ్చారు. అన్యాయానికి గురైనవారి హక్కును నిలబెట్టడం అంతకన్న చిన్న అవసరం కాదని మా అభిప్రాయం. ఎవరికి వారు తాము విశ్వసించే ఆలిమును అడిగి ఆచరించడం శ్రేయస్కరం.

సాక్ష్యం విషయంలో మాత్రం భేదాభిప్రాయానికి తావు లేదు. సాక్ష్యాన్ని దాచరాదని బఖరా సూరా ఆదేశిస్తున్నది. తమకు, తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా సరే న్యాయంపై నిలబడమని నిసా సూరా చెబుతున్నది. ఒక జాతి పట్ల గల ద్వేషం మిమ్మల్ని న్యాయం నుండి తప్పించరాదని మాయిదా సూరా హెచ్చరిస్తున్నది. బిల్ఈన్ ప్రజలతో పాటు నడిచి బాష్పవాయువు పీల్చినవారిలో ఇస్రాయీల్ యూదులు కూడా ఉన్నారు. ఇమాద్‌తో కలిసి చిత్రాన్ని తీర్చిదిద్దిన గై డేవిడీ కూడా వారిలో వాడే. వారి న్యాయబుద్ధిని గుర్తించడం కూడా మన సాక్ష్యంలో భాగమే.

మన ఇళ్ళలో

తెలుగునాట మన కుటుంబాల్లో కెమెరాతో జీవనోపాధి వెతుక్కునే యువకులు తక్కువేమీ కాదు. పెండ్లిళ్ళు, సభలు చిత్రీకరించి పొట్టపోసుకుంటూ, వీలు దొరికినప్పుడు ఊరి సమస్యను చిత్రీకరించేవారూ ఉన్నారు. పనికిరాని పిల్లవాడు కెమెరా పట్టుకుని తిరుగుతున్నాడని పెద్దలు ఈసడించుకుంటారు. శుభకార్యం ముగిశాక మిగతా డబ్బు కోసం అతన్ని నెలల తరబడి తిప్పుకుంటారు. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న దైవప్రవక్త (స) బోధ ఇతనికి వర్తించదా?

కెమెరా పట్టినవారికీ కొన్ని హద్దులున్నాయి. అనుమతి లేనిదే పరుల ఇళ్ళలోకి వెళ్ళరాదని నూర్ సూరా నేర్పుతున్నది. ఆ మర్యాద కెమెరా కంటికీ వర్తిస్తుంది. తెచ్చిన వార్తను విచారించుకోవాలని హుజురాత్ సూరా ఆదేశిస్తున్నది. ఎప్పటిదో, ఎక్కడిదో తెలియని దృశ్యాన్ని నేటి సంఘటనగా ఫోన్లలో పంచడం తప్పుడు సాక్ష్యంతో సమానం. దానివల్ల అసలు బాధితుని నిజమైన దృశ్యాన్ని కూడా లోకం అనుమానించే స్థితి వస్తుంది. ఒక ఇమాద్ ప్రాణాలొడ్డి తెచ్చిన దృశ్యాన్ని మన ఒక్క నిర్లక్ష్యపు ఫార్వర్డ్ చులకన చేయగలదు.

తల్లిదండ్రులారా! మీ బిడ్డ ఈ వృత్తిని ఎంచుకుంటే నిజం చెప్పడం, పరుల గౌరవం కాపాడడం, హలాల్ సంపాదనతో తృప్తిపడడం అతనికి నేర్పండి. ఆ పైన అతని వెన్ను తట్టండి. సత్యానికి సాక్షులుగా నిలిచే భాగ్యాన్ని అల్లాహ్ మనకూ, మన సంతానానికీ ప్రసాదించుగాక! ఆమీన్.