చుట్ట చుట్టిన కాలం

"అమ్మా, కాలమంటే ఏమిటే?" అని పిల్లలడిగితే మనం గోడమీది గడియారాన్ని చూపిస్తాం. గంట ఎంతయిందో అది చెబుతుంది గాని, జరిగిపోయిన ఏళ్ళెక్కడికి పోయాయో చెప్పదు కదండీ!

జఫర్‌గఢ్ వైపు పల్లెల్లో బాగా పెద్ద వయసు ముసలమ్మలను ఎప్పుడు పుట్టారని అడిగితే తారీఖు చెప్పరు. "రజాకార్ల లొల్లప్పుడు నేను చంకల పిల్లను" అంటారు. అంటే 1947-48 అన్నమాట. ఆ లెక్క ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఆవిడ పోతే దానితోనే పోతుంది.

దాన్ని నిలుపుకునే ఉపాయం దూరాన లేదు. జనగామ దాటి వెళితే చేర్యాల. 2016 నుంచి అది సిద్దిపేట జిల్లాలో ఉంది. అక్కడి నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రటి రంగుమీద కథంతా గడులు గడులుగా వేస్తారు. వెడల్పు 3 అడుగులే. పొడవు 40 అడుగులు దాటినవీ ఉన్నాయి. కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేది ఇలాంటి పటం చూపుతూనే. కథ రాత్రుళ్ళ తరబడి సాగుతుంది. విప్పిన గడి ఇప్పటిది. చెప్పేసింది ఒక చుట్టలోకి పోతుంది, చెప్పబోయేది ఇంకో చుట్టలో దాగుంటుంది. కాలాన్ని ఇంత తేలిగ్గా ఏ పాఠ్యపుస్తకమూ చూపలేదనిపిస్తుంది నాకు.

మనమూ చేద్దాం. పాత పంచెలోంచి పొడుగాటి పీలిక చింపండి. అడుగుకో గడి, గడికో ఏడు. అత్తగారినో అమ్మనో కూర్చోబెట్టి, పిల్లల చేతికి రంగులివ్వండి. తారీఖుల కోసం పెద్దామెను వేధించకండి. "ఆ ఏడు బావిలో నీళ్ళున్నాయా? అప్పటికి ఊళ్ళోకి కరెంటొచ్చిందా?" అని అడగండి. ఒకటి దొరికితే దాని వెనకే రెండోది వస్తుంది. గుర్తులేదన్న ఏడు ఖాళీగానే ఉంచండి, మీరు కల్పించి నింపకండి.

పిల్లలు మరీ చిన్నవాళ్ళా? ఏళ్ళు వద్దు, బతుకమ్మ తొమ్మిది రోజులు చాలు. మన ఆడవాళ్ళు ఆ రోజులకు పెట్టిన పేర్లు చూడండి: అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు... పంచాంగానికి తిథి అయితే వంటింటికి నైవేద్యం! ఆరోనాడు అమ్మవారు అలిగిందని ఏమీ పెట్టరు. ఆ గడిలో మీ పిల్లలేం వేస్తారో చూడాలి.

కథకులు పటం పాతబడితే కొత్తది వేయించి, పాతదాన్ని ఏట్లో కలుపుతారు. మనకా ఆచారం వద్దు. ఎండు వేపాకు వేసి పట్టుచీరల పెట్టెలో పెట్టండి, వచ్చే ఏడు ఇంకో గడి వేయాలిగా!