సర్ది అయిందా?

వానలు మొదలయ్యాయంటే అల్వాల్‌లో ఇంటికొకరు తుమ్ముతుంటారు. కొందరు జలుబు అంటారు. కొందరు పడిశం అంటారు. మనం సర్ది అంటాం. పేరేదైనా రోగం ఒక్కటే.

సర్ది ఎందుకు అవుతుంది? వానలో తడిసిందని ఒకరంటారు. అరటిపండు తిన్నదని ఇంకొకరంటారు. బాలింత పెరుగు తింటే పాలు తాగే బిడ్డకు సర్ది చేస్తుందని పెరుగే పెట్టరు. పాపం, బలం కావలసింది ఆమెకే!

అసలు కారణం వైరస్. అది కంటికి కనబడని క్రిమి. సర్ది తెచ్చే వైరస్‌లు 200 రకాలకు పైగా ఉన్నాయి. తుమ్మితే, దగ్గితే ఇవి బయటికి వస్తాయి. ముక్కు చీది, చెయ్యి కడుక్కోకుండా బిడ్డను ముట్టుకుంటే బిడ్డకు అంటుతాయి.

వెనుకట మలేరియా కూడా చెడ్డ గాలి వల్ల వస్తుందనుకునేవాళ్లు. 1897లో మన సికింద్రాబాద్‌లోనే రొనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. గాలి మీద నింద పోయింది. పెరుగు మీద నింద మాత్రం ఇంకా పోలేదు.

మరి సర్దికి మందేమిటి? వైరస్‌ను చంపే గోలీ లేదు. మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అని ఊరికే అనలేదు. మిరియాల చారు, గోరువెచ్చని నీళ్లు గొంతుకు హాయి. ఏడాది దాటిన పిల్లలకు చెంచాడు తేనె ఇస్తే దగ్గు నెమ్మదిస్తుంది. ఏడాది లోపు వాళ్లకు తేనె నాకించకండి. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు గారు మొదలుపెట్టిన అమృతాంజనం ఇప్పటికీ ఇంటింటా ఉంది. రాస్తే పెద్దవాళ్లకు ముక్కు తెరుచుకున్నట్టు ఉంటుంది, అంతే. చంటిపిల్లలకు ఏ బామూ రాయకండి. మరిగే నీళ్ల గిన్నె దగ్గర కూర్చోబెట్టి ఆవిరి పట్టకండి. ఒలికితే ఒళ్లు కాలుతుంది.

షాపుకు పోయి "సర్దికి గోలీలియ్యి" అంటాం. యాంటీబయాటిక్ ఇచ్చినా మింగేస్తాం. అది బాక్టీరియా అనే వేరే క్రిములకు మందు. వైరస్‌ను ఏమీ చేయలేదు. ఊరికే మింగుతుంటే బాక్టీరియా ఆ మందుకు లొంగకుండా తయారవుతుంది. రేపు నిజంగా అవసరమైన రోజున గోలీ పనిచేయదు. గోలీల అట్ట మీద నిలువుగా ఎర్ర గీత ఉందా చూడండి. ఉంటే డాక్టరు చీటీ లేకుండా మింగవద్దు. మందు పేరు ఇంగ్లీషులో ఉంటే ఉండనీ. గీతను చూడడానికి ఏ భాషా అక్కరలేదు.

చిన్నపిల్లలకు మాత్రం సర్ది ఒక్కోసారి ఊపిరితిత్తులకు దిగుతుంది. దాన్ని న్యుమోనియా అంటారు. ప్రాణం తీసే రోగం అది. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు అంగీ పైకెత్తి, గడియారం చూస్తూ ఒక నిమిషం ఊపిరి లెక్కబెట్టండి. 2 నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు బిడ్డకు 50, ఏడాది నుంచి 5 ఏళ్ల లోపు 40. లెక్క అంతకు చేరినా, దాటినా వెంటనే దవాఖానకు పోవాలి. ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా, పాలు తాగకపోయినా అంతే. వాతలు పెట్టించకండి. రాత్రి అయితే తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోను చేయండి.