పోయింది ఒక పన్ను, అరిగేవి రెండు

దవడ పన్ను పీకించుకున్నాక చాలామంది ముందు అడిగేది 'బ్రిడ్జికి ఎంతవుతుంది?' అనే. అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన లెక్క ఇంకొకటి ఉంది. ఆ ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్లు ఎంత నష్టపోతాయి?

మామూలు బ్రిడ్జిలో 3 క్యాపులు ఒకే ముక్కగా ఉంటాయి. మధ్యది కట్టుడు పన్ను, దానికి వేరు ఉండదు. మిగతా రెండూ పక్క పళ్ల మీద ఎక్కుతాయి. బిల్లు కూడా సాధారణంగా 3 పళ్లకే వేస్తారు. క్యాపు పట్టాలంటే ఆ రెండు పళ్లనీ చుట్టూ, పైనా 1 నుంచి 2 మిల్లీమీటర్ల దాకా అరగదీయాలి. వినడానికి ఇది చిన్న అంకే. కానీ ముందు పళ్లలో చిగురు పైకి కనిపించే భాగంలో ఇది దాదాపు 63 నుంచి 72 శాతమని 2002లో ఎడెల్‌హాఫ్, సోరెన్సెన్ అనే పరిశోధకులు తూకం వేసి చూపారు. ఒకసారి పోయిన ఎనామిల్ మళ్లీ పెరగదు.

మన్నికలో బ్రిడ్జికి వంక పెట్టలేం. 2007లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష ప్రకారం పదేళ్ల తర్వాత కూడా 100కి 89 బ్రిడ్జిలు నోట్లోనే ఉన్నాయి. ఎముకలో బిగించే ఒంటి పన్ను ఇంప్లాంట్లకీ దాదాపు అదే అంకె. తేడా అంతా పక్క పళ్ల దగ్గరే వస్తుంది. ఇంప్లాంటు వాటి జోలికి పోదు. బ్రిడ్జి కింద మాత్రం క్యాపు అంచున పుచ్చు పట్టొచ్చు, అరగదీసిన పన్నులో నరం చచ్చిపోవచ్చు. ఒక్క పన్ను చెడినా చాలాసార్లు మూడింటినీ కోసి తీయాల్సి వస్తుంది.

అలాగని బ్రిడ్జి వద్దనడం నా ఉద్దేశం కాదు. పక్క పళ్లకి ఇప్పటికే రూట్ కెనాల్ అయి, క్యాపు అవసరమైతే బ్రిడ్జి చక్కటి దారి. ఎముక పలచబడి ఇంప్లాంటు పట్టని వాళ్లకీ అంతే. పక్క పళ్లు రెండూ గట్టివైతే మాత్రం ఆగి ఆలోచించాలి. ముందు పళ్లకైతే వెనకవైపు రెక్కతో అతికించే రకం ఉంది. దానికి అరగదీత 3 నుంచి 30 శాతమే. కాకపోతే ఊడొచ్చే అవకాశం ఎక్కువ, ఆ 2007 సమీక్షలోనే పదేళ్లకి నిలిచినవి 65 శాతమే.

ఆలోచన పేరుతో ఏళ్లు గడపకండి. పన్ను తీసిన 12 నెలల్లో అక్కడి ఎముక వెడల్పు సగం దాకా తగ్గుతుంది, అందులో మూడింట రెండొంతులు మొదటి 3 నెలల్లోనే.

బ్రిడ్జి కట్టించుకున్నవాళ్లు కట్టుడు పన్ను కింద రోజూ సూపర్ ఫ్లాసు అనే దారంతో శుభ్రం చేసుకోవాలి, అక్కడికి బ్రష్షు అందదు. ఇంకా కట్టించుకోనివాళ్లు పళ్లు అరగదీయించుకోక ముందే పక్క పళ్ల ఎక్స్‌రే చూపించమనండి. అవి ఆరోగ్యంగా ఉన్నాయో లేదో డాక్టరు నోటితో చెప్పించుకోండి.