సిమెంటు బస్తా మీది అంకెలు

జగ్గయ్యపేట పక్కనే జయంతిపురంలో, ముక్త్యాలలో సిమెంటు తయారవుతోంది కదా! బస్తా మీద వారం, నెల, సంవత్సరం ఎందుకు వేస్తారో ఎప్పుడైనా ఆలోచించారా?

53 గ్రేడు సిమెంటు బలాన్ని 3, 7, 28 రోజులకు పరీక్షిస్తారు. 28వ రోజు ఫలితం తేలేసరికి ఆ సిమెంటు నందిగామలో ఎవరింటి శ్లాబులోనో గట్టిపడిపోయి ఉండొచ్చు! అందుకే ఇప్పటి ఫ్యాక్టరీలలో ముడిసరుకు పాళ్ళు, పరీక్షల ఫలితాలు, సరుకు వెళ్ళిన ఊళ్ళు అన్నీ ఆ వారం పేరుతోనే కంప్యూటర్‌లో భద్రపరుస్తారు. తేడా వస్తే ఆ అంకె పట్టుకునే వెనక్కి వెతుకుతారు.

కనుక ఇల్లు కట్టుకునేటప్పుడు, ఖాళీ బస్తాలు పారేసేముందు ఆ అంకెలు పద్దుపుస్తకంలో రాసుకోండి. రేపు శ్లాబు బీటలిస్తే, అడగడానికి మీ చేతిలో ఉండే ఆధారాల్లో అదొకటి!