ఆఫీసు జేబులో పడుతుందా?

ఫోన్ ఒక్కటి పట్టుకుని వ్యాపారానికి బయల్దేరితే.. ఎవరికి చాలు, ఎవరికి చాలదు?

హోసూరు, కృష్ణగిరి: పొద్దున్నే బెంగళూరు బస్సు. నిలబడటానికే చోటు లేదు. భుజాన ల్యాప్‌టాప్ సంచి, చేతిలో శాంపిళ్ల పెట్టె. దిగేదాకా సంచి మీదే ధ్యాస. కృష్ణగిరి నుంచి బయల్దేరే వారి పాట్లు ఇంకా ఎక్కువ. 2004లో ధర్మపురి నుంచి విడివడి జిల్లా కేంద్రమైనా ఆ ఊరికి రైల్వే స్టేషన్ లేదు. ఎక్కడికెళ్లాలన్నా బస్సో, సొంత బండో. 'ఫోన్‌లోనే అన్నీ ఉన్నాయి కదా, ఈ మోత ఎందుకు' అనిపించడం సహజం. ల్యాప్‌టాప్ కొనాలంటే నలభై వేలు అటూ ఇటూ. చిన్న వ్యాపారికి అది తేలిక లెక్క కాదు. మరి ఇంట్లో వదిలేసి వెళ్లొచ్చా?

పాత ఆశే..
జేబులో కంప్యూటరు పెట్టాలన్న ప్రయత్నం ఇప్పటిది కాదు. 1996లోనే నోకియా కమ్యూనికేటర్ వచ్చింది. పుస్తకంలా తెరిస్తే లోపల కీబోర్డు. బరువు దాదాపు 400 గ్రాములు! 2011లో మోటరోలా ఏట్రిక్స్ ఫోన్‌ను ఒక తెరకు తగిలిస్తే ల్యాప్‌టాప్‌లా పనిచేసేది. 2017లో శామ్‌సంగ్ డెక్స్ వచ్చింది. ఫోన్‌ను టీవీకి కలిపితే కంప్యూటరు తెర కనిపిస్తుంది. లాడ్జి గదిలో టీవీ, చిన్న బ్లూటూత్ కీబోర్డు ఉంటే పని నడుస్తుంది. కాకపోతే ఈ వసతి ఖరీదైన ఫోన్లలోనే ఎక్కువ. పదిహేను వేల ఫోన్ కొని టీవీకి వైరు తగిలిస్తే బొమ్మ రాకపోవచ్చు. కొనేముందే అడిగి తెలుసుకోవాలి.

పూలకు, పండ్లకు ఫోనే రాజు
హోసూరు గులాబీల సంగతి తెలిసిందే. ఫిబ్రవరి 14కు ముందు విదేశాలకూ వెళ్తాయి. పూల వ్యాపారంలో ఆలస్యం అంటే నష్టం. ఫొటో తీసి పంపాలి, ధర తేల్చుకోవాలి, డబ్బు వచ్చిందో లేదో చూసుకోవాలి. ఈ మూడింటికీ ల్యాప్‌టాప్ అక్కర్లేదు. కృష్ణగిరి మామిడి మండీలోనూ అంతే. తోతాపురి లోడు గుజ్జు ఫ్యాక్టరీకి చేరిందా, తూకం చీటీ ఎంత చెబుతోంది.. అంతా ఫోన్‌లోనే.

ఇంకో మేలూ ఉంది. ఇక్కడ ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బెంగళూరు బేరంలో కన్నడం. తెలుగు మాట్లాడినంత బాగా రాయలేని వాళ్లు చాలామంది. వాళ్లకు మాట రికార్డు చేసి పంపే సౌకర్యమే పెద్ద వరం. ఒకప్పుడు అత్తిబెలె దాటగానే రోమింగ్ చార్జీల భయం. ఇప్పుడు ఆ బాధా లేదు.

లారీ ఆగిందా.. జేబు తడమాల్సిందే
హోసూరు నుంచి బెంగళూరు నలభై కిలోమీటర్లే. అయినా రాష్ట్రం మారింది కదా! పన్ను పడే సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు ఉండాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి ఇదీ నిబంధన. 200 కిలోమీటర్ల దాకా గడువు ఒక్క రోజే. దారిలో లారీ చెడిపోయి సరుకును ఇంకో బండికి మారిస్తే కొత్త నంబరు పోర్టల్‌లో ఎక్కించాలి. గడువు పొడిగించాలన్నా అది ముగియడానికి ముందు 8 గంటలు, తర్వాత 8 గంటలే అవకాశం. సరైన బిల్లు లేకుండా పట్టుబడితే పన్నుకు రెండింతలు జరిమానా పడొచ్చు.

అర్ధరాత్రి డ్రైవరు ఫోన్ చేస్తే ల్యాప్‌టాప్ తెరిచి కూర్చునే తీరిక ఎక్కడ? ఈ పని ఫోన్ బ్రౌజర్‌లోనే అయిపోతుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఈ పోర్టల్‌లోకి వెళ్లాలంటే అందరికీ ఓటీపీ కూడా తప్పనిసరి. అంటే ల్యాప్‌టాప్ ఉన్నా ఫోన్ లేకపోతే తలుపు తెరుచుకోదు.

ఇక్కడే చిక్కు
హోసూరులో పెద్ద కంపెనీలకు విడిభాగాలు చేసిచ్చే వర్క్‌షాపులున్నాయి. వాటి యజమానులకు మాత్రం ఫోన్ అంత తేలిగ్గా సరిపోదు. కంపెనీ వాళ్లు బేరం మధ్యలో 'ఇనుము ధర ఇలా వేసి మళ్లీ లెక్క చెప్పండి' అంటారు. వంద వరుసల ఎక్సెల్ షీటును అరచేయంత తెర మీద దిద్దితే ఒక్క సున్నా జారినా లాభం హరీ. మాక్రోలు పెట్టుకున్న షీటైతే ఫోన్‌లోని ఎక్సెల్‌లో అవి అసలు నడవవు. డ్రాయింగు చూడొచ్చు, కొలత మార్చాలంటే కష్టం. ట్యాలీ పూర్తిగా నడవాలంటే విండోస్ కంప్యూటరు కావాలి. ప్రభుత్వ ఈ-టెండరు వేయాలంటే డిజిటల్ సంతకం టోకెన్‌ను కంప్యూటరుకు గుచ్చాలి. గడువు నిమిషం దాటినా పోర్టల్ మూసుకుంటుంది. అప్పుడు ఏ ఫోనూ ఆదుకోదు.

అసలు కిటుకు
గమనిస్తే తేడా ఫోన్‌లో లేదు. వెనకాల ఆఫీసులో ఎవరున్నారన్నదే లెక్క. యజమాని ఊళ్లు తిరుగుతుంటే హోసూరులో కంప్యూటరు ముందు తమ్ముడో, అకౌంటెంటో కూర్చుని ఉంటే ఫోన్ చాలు. ఈయన అడుగుతాడు, వాళ్లు చేసి పంపుతారు, ఈయన చూసి 'సరే' అంటాడు. కొటేషనూ తనే, బిల్లూ తనే, డెలివరీ చలానూ తనే అయిన ఒంటరి వ్యాపారికి మాత్రం సంచి మోయక తప్పదు. చూడటానికి, పంపడానికి, ఒప్పుకోవడానికి ఫోన్. కూర్చుని తయారు చేయడానికి ల్యాప్‌టాప్.

ఫోన్ పోతే?
అన్నీ ఒక్కదాంట్లో పెడితే ఆ ఒక్కటి పోయినప్పుడు వ్యాపారం మొత్తం ఆగుతుంది. ఓటీపీ, యూపీఐ, పార్టీల నంబర్లు అన్నీ అందులోనే. వెంటనే కొత్త సిమ్ తీసుకున్నా మొదటి 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు రావు. మోసాలు ఆపడానికి 2022లో టెలికాం శాఖ పెట్టిన నిబంధన ఇది. దొంగల సంగతేమో గానీ, ఆ ఒక్క రోజు లారీ కదలకపోతే?

బయల్దేరే ముందు..
* ఈ-వే బిల్లు పోర్టల్‌లో ఆఫీసు మనిషి పేరిట సబ్ యూజర్‌ను పెట్టండి. ఓటీపీ ఆయన నంబరుకు వస్తుంది. మీ ఫోన్ పోయినా సరుకు ఆగదు.
* రేట్ల పట్టిక, డ్రాయింగులు, పార్టీల నంబర్లు ఆన్‌లైన్ ఖాతాలో ఒక కాపీ ఉంచండి.
* ఐఎంఈఐ నంబరు కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి. ఫోన్ పోతే పోలీసు ఫిర్యాదు చేసి సంచార్ సాథీ పోర్టల్‌లో బ్లాక్ చేయించొచ్చు. ఖాతాలోంచి డబ్బు పోతే 1930కి ఫోన్ చేయండి.
* పవర్ బ్యాంకు మర్చిపోవద్దు. చార్జింగ్ అయిపోయిన ఫోన్ కన్నా కాగితం చీటీ నయం.

ఇంకా తేల్చుకోలేకపోతే ఒక ఉపాయం ఉంది. వచ్చే నాలుగు ప్రయాణాలకు ల్యాప్‌టాప్‌ను మామూలుగానే మోయండి. ఏ పని కోసం తెరిచారో ప్రతిసారీ రాసుకోండి. 'మెయిల్ చూశాను, బిల్లు పంపాను' అని మాత్రమే ఉంటే ఐదోసారి నిశ్చింతగా బీరువాలో పెట్టి తాళం వేయండి. ఒక్కసారైనా 'లెక్క మార్చాను, ఆర్డరు దక్కింది' అని ఉంటే.. ఆ రెండు కిలోలు బరువు కాదు, పెట్టుబడి.